ఫోన్‌పే కొడితే లెక్క యాడుంటుంది? పోతే ఎవరినడగాల?

కడప వైవీ స్ట్రీట్‌లో గాజుల బండి మొదలుకొని ఆదోని మార్కెట్ యార్డు బయట టీ అంగడి దాకా అన్నిచోట్లా స్కానర్ వేలాడుతోంది. పది రూపాయల టీకి కూడా "ఫోన్‌పే కొట్టన్నా" అంటున్నారు. అయినా ఇంటికొచ్చాక మళ్ళీ అదే ప్రశ్న: "దాంట్లో లెక్క పెడితే భద్రమేనా?"

అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చే జవాబు దీనికి లేదు. లెక్క, అంటే డబ్బు, ఏ చోట ఉంది, ఆ చోటికి తాళం ఎవరి చేతిలో ఉంది, తేడా వస్తే రూలు ప్రకారం జవాబు చెప్పాల్సింది ఎవరు, ఈ మూడూ తెలిస్తే ఎంతవరకు నమ్మొచ్చో ఎవరికి వాళ్ళే లెక్కేసుకోవచ్చు.

లెక్క ఉండే చోట్లు

యూపీఐలో మన లెక్క యాప్ కంపెనీ చేతికి రానే రాదు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఫోన్‌పే, గూగుల్ పే కబురు మోసే పని మాత్రమే చేస్తాయి. మనం పంపమన్న కబురు యాప్ వెనకున్న బ్యాంకుకు, అక్కడినుంచి కార్పొరేషన్‌కు, అక్కడినుంచి మన బ్యాంకుకు పోతుంది. మన ఖాతాలో తగ్గుతుంది, అవతలి ఖాతాలో పడుతుంది. ఐడీ చివర ఉండే తోక ఆ వెనకున్న బ్యాంకు గుర్తు. ఎట్ వైబీఎల్ అంటే ఫోన్‌పే వెనక యెస్ బ్యాంకు, ఎట్ ఓకేఎస్‌బీఐ అంటే గూగుల్ పే వెనక స్టేట్ బ్యాంకు. మీ ఖాతా గ్రామీణ బ్యాంకులో ఉండి ఐడీకి యెస్ బ్యాంకు తోక కనబడితే బెదరాల్సిన పనిలేదు. పిన్ కొట్టే పేజీ కూడా కార్పొరేషన్ ఇచ్చిందే. అంకెలు అక్కడే ఎవరూ చదవలేని రహస్య లిపిలోకి మారతాయి (ఎన్‌క్రిప్ట్), యాప్ వాటిని చదవలేదు. రేపు ఆ కంపెనీ మూతబడినా ఖాతాలో పైసా కదలదు. ఇంకో యాప్ వేసుకుంటే అదే ఖాతా అక్కడ కనబడుతుంది.

వాలెట్ అట్లా కాదు. యాప్‌లోకి ముందే లెక్క ఎక్కించి పెట్టుకుంటే అది మీ ఖాతాలోంచి బయటికి వచ్చినట్టే. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కంపెనీ దాన్ని వేరే బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో (కంపెనీ సొంతానికి వాడుకోవడానికి వీల్లేని విడి ఖాతా) ఉంచాలి. కానీ బ్యాంకు డిపాజిట్లకు ఉండే 5 లక్షల రూపాయల బీమా బ్యాంకేతర కంపెనీ వాలెట్‌కు వర్తించదు. ఈ రెండింటి తేడా 2024లో అందరికీ అనుభవంలోకి వచ్చింది. పేటీఎం పేమెంట్స్ బ్యాంకులో మార్చి 15 తర్వాత కొత్తగా డబ్బు వేయడానికి వీల్లేదని రిజర్వు బ్యాంకు ఆపేసింది. ఆ బ్యాంకు ఖాతాలో, వాలెట్‌లో ఉన్న లెక్కను వాడుకోవడానికో, వెనక్కి తీసుకోవడానికో మాత్రమే దారి మిగిలింది. అదే పేటీఎం యాప్‌లో వేరే బ్యాంకు ఖాతాతో యూపీఐ వాడేవాళ్ళకు, తోక మారడం తప్ప, పెద్దగా ఇబ్బంది రాలేదు. అందుకని వాలెట్‌లో వారం ఖర్చుకు మించి పెట్టకపోవడం మేలు. క్యాష్‌బ్యాక్ వస్తుందని ఐదారు వేలు ఎక్కించి పెట్టడంలో లాభం మనకంటే వాళ్ళకే ఎక్కువ.

యూపీఐ లైట్ ఈ రెంటికీ మధ్యది. బ్యాంకు నుంచి కొంత తీసి ఫోన్లో పక్కన పెడుతుంది. ఒక్కో చెల్లింపు 1,000 రూపాయల దాకా, మొత్తం నిల్వ 5,000 దాకా. పిన్ అడగదు. కూరగాయల బండి కాడ, ఆటోలో హాయిగా ఉంటుంది. ఫోను లాక్ దాటి యాప్ తెరవగలిగిన ఎవరైనా దాన్ని ఖర్చు పెట్టేయగలరు కాబట్టి ఐదు వేలూ నింపకండి, ఐదొందలు చాలు.

అసలు తాళం సిమ్ కార్డు

పిన్ దాచుకోమని అందరూ చెబుతారు. సిమ్ సంగతి మాత్రం పట్టించుకునేవాళ్ళు తక్కువ. యూపీఐలో చేరేటప్పుడు ఫోను తనంతట తానే బ్యాంకుకు ఒక మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్ వచ్చిన నంబరు, ఖాతాలో రాసి ఉన్న నంబరు ఒకటైతేనే ఖాతా తెరుచుకుంటుంది. ఆ తర్వాత పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు మీది చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. కార్డు లేనివాళ్ళు ఆధార్ నంబరు, ఓటీపీతో కూడా పెట్టుకోవచ్చు. అంటే సిమ్, ఆధార్ నంబరు రెండూ చేతికి చిక్కినవాడికి కార్డుతో పనిలేదు.

పల్లెల్లో ఇక్కడే చిక్కు. పెద్దవాళ్ళ ఖాతాకు ఎప్పుడో కొడుకు పాత నంబరో, ఖాతా తెరిపించిన మనిషి నంబరో రాయించి ఉంటారు. రీచార్జి చేయక ఆగిపోయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి పోతాయి. ఫోన్లో ఏం చేసినా ఇది సర్దుకోదు. పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని బ్రాంచికి పోయి నంబరు మార్పు ఫారం ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోకుండా, కొత్త నంబరుకు బ్యాంకు మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆధార్‌లో ఉన్న నంబరు వేరు, దాన్ని ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో కనబడుతుంది. మీవి కానివి ఉంటే అక్కడే తీసేయమని చెప్పొచ్చు.

ఊళ్ళో అందరికీ సిగ్నల్ ఉండి మీ ఒక్క ఫోనుకే గంటల తరబడి నెట్‌వర్క్ లేకపోతే టవర్ మీద తోసేయకండి. మీ నంబరు మీద ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. వెంటనే ఇంకో ఫోను నుంచి టెలికాం కంపెనీకి, బ్యాంకుకు చెప్పాలి. కొత్త ఫోన్లో యూపీఐ మొదలుపెట్టిన తొలి 24 గంటల్లో 5,000 రూపాయలకు మించి పోకుండా కట్టడి ఉంది. ఆ ఒక్కరోజు మన చేతిలో ఉన్నట్టు.

అన్నిటికన్నా పనికొచ్చే ఏర్పాటు రెండు ఖాతాలు పెట్టుకోవడం. యూపీఐకి, ఆన్‌లైన్ కొనుగోళ్ళకు ఒక చిన్న ఖాతా, అందులో నెల ఖర్చు. పంట డబ్బు, జీతం, చీటీ పాడిన లెక్క ఇంకో ఖాతాలో, ఏ యాప్‌కూ కలపకుండా. ఆ రెండో ఖాతా కార్డు ఉంటే బ్యాంకు యాప్‌లోనే ఆన్‌లైన్ వాడకాన్ని ఆపేయవచ్చు. 2020 నుంచి ఆ మీట ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే.

పిన్ కొట్టకముందు చూడాల్సినవి

లెక్క రావడానికి పిన్ అక్కర్లేదు, ఇది ఇప్పటికి అందరికీ తెలిసిందే. తెలిసీ ఎందుకు పోతోందంటే, మోసగాడు పిన్ అడగడు. మనమే కొట్టేలా చేస్తాడు. "మీ ఖాతాలో పొరపాటున ఐదు వేలు వేశాను, తిరిగి పంపండి" అంటాడు, ముందుగా బ్యాంకు పంపినట్టే ఉండే ఉత్తుత్తి మెసేజ్ పంపి ఉంటాడు. మెసేజ్ చూసి ఎప్పుడూ తిరిగి పంపొద్దు. బ్యాలెన్స్ చూడండి. నిజంగానే పడి ఉంటే "మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, వాళ్ళు అడిగితే మా బ్యాంకు తిప్పి పంపుతుంది" అని చెప్పి ఫోన్ పెట్టేయండి. ఒకరికొకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి ఆపేశారు కాబట్టి ఆ పాత మోసం తగ్గింది. దాని చోటును ఆటోపే ఆక్రమిస్తోంది.

ఆటోపే అంటే ఒక్కసారి పిన్ కొట్టి నెలనెలా కోత పెట్టుకొమ్మని అనుమతి ఇవ్వడం. తొలి చెల్లింపు ఒక్క రూపాయే అడుగుతారు. ఆ తెర మీదే చిన్న అక్షరాల్లో గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్ళకోసారి, ఎప్పటిదాకా అని రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా పిన్ కొడితే ఆ తర్వాత 15,000 రూపాయల లోపు కోతలకు మళ్ళీ పిన్ అడగరు. కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని నియమం, వస్తుంది కూడా. ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో అది కలిసిపోతుంది. యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఆటోపే అనే చోటికి పోతే నడుస్తున్నవన్నీ కనబడతాయి. పిల్లలు ఆటల యాప్‌లకు, సినిమాల యాప్‌లకు ఇచ్చినవి అక్కడ దండిగా ఉంటాయి. అక్కర్లేనివి అక్కడే రద్దు చేయండి. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే ఆటోపే ఆగదు, ఈ ఒక్క ముక్క తెలియక నెలల తరబడి పోగొట్టుకునేవాళ్ళున్నారు.

స్కాన్ చేశాక కనబడే పేరు చూడండి. బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపాలని 2025లో యాప్‌లకు ఆదేశమిచ్చారు. అంగడి బోర్డు మీద ఒక పేరు, తెర మీద ఇంకో పేరు ఉండటం మామూలే, యజమాని సొంత పేరు మీద ఖాతా ఉండొచ్చు. అడిగి నిర్ధారించుకుంటే సరి. పెద్ద మొత్తమైతే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని నోటితో చెప్పించుకుని మిగతాది పంపండి. ఎందుకంటే తప్పు నంబరుకు మీరే పిన్ కొట్టి పంపిన లెక్కను బ్యాంకు తనంతట తాను వెనక్కి లాగలేదు. అవతలి ఖాతాదారు ఒప్పుకోవాలి. మీ బ్యాంకు వాళ్ళ బ్యాంకుకు రాస్తుంది, వాళ్ళు ఆ మనిషిని అడుగుతారు. కాదంటే పోలీసు, కోర్టు దారే.

యాప్ వేషంలో వచ్చే ఫైళ్ళు

"పీఎం కిసాన్ జాబితా", "ట్రాఫిక్ చలానా", "పెళ్ళి పత్రిక" పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్లో యాప్‌గా దిగేవి) ఇప్పుడు అన్నిటికన్నా ప్రమాదం. పెళ్ళి పత్రిక ఎప్పుడూ ఏపీకే రూపంలో రాదు, అది ఫొటోనో పీడీఎఫ్పో అయి ఉంటుంది. తెలిసినవాళ్ళ నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోను ముందే చిక్కి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేశాక మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే మీ ఓటీపీలన్నీ మీకంటే ముందు వాడికి చేరతాయి. కొన్ని యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. అది ఇస్తే తెర మీద మీరు చేసేదంతా వాడికి కనబడుతుంది.

పొరపాటున వేసుకుని ఉంటే వరుస ఇది. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపేయాలి. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా నుంచి బయటికి పోయే చెల్లింపులన్నీ ఆపమనాలి. ఆ యాప్‌ను తీసేయబోతే బటన్ పనిచేయకపోవచ్చు. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అనే చోట దాని టిక్కు తీస్తేనే తొలగుతుంది. తీసేసినా ఆ ఫోను మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. ఆ తర్వాతే యూపీఐ పిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్ కొత్తవి పెట్టాలి. రీసెట్ కాకముందు మారిస్తే కొత్త పిన్ కూడా వాడికే పోతుంది.

ఫోన్ కాల్స్ విషయంలో గుర్తులు కొన్ని వచ్చాయి. బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచారానికి 140తో మొదలయ్యేవి కేటాయించారు. మెసేజ్ పంపినవారి పేరు చివర గీత పెట్టి ఎస్ ఉంటే సేవ, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం, పి ఉంటే ప్రచారం. మామూలు పదంకెల నంబరు నుంచి "మీ కేవైసీ ఆగిపోయింది" అని వస్తే చదవకుండా తీసేయండి. బ్యాంకుల వెబ్‌సైట్లు బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాయి. 2025 మే 1న ప్రగతి గ్రామీణ బ్యాంకు, మరో మూడు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారడం లాంటివి మోసగాళ్ళకు మంచి సాకు. "విలీనం కాబట్టి ఖాతా నవీకరించుకోండి" అని లింకు పంపుతారు. అట్లాంటి పని ఏదున్నా బ్రాంచిలోనే చేసుకోవాలి. "ఈ రాత్రికి కరెంటు కట్" అని మెసేజ్ వస్తే 1912కు ఫోన్ చేసి అడగండి, అందులో ఇచ్చిన నంబరుకు కాదు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. యాప్ లోపల, పాస్‌బుక్కు మీద, కార్డు వెనక ఉన్నదే అసలుది.

మన వివరాలు వాళ్ళకెందుకు

2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద అంగడివాళ్ళ దగ్గర రుసుము తీసుకోవడానికి వీల్లేదు. మరి యాప్‌లు బతికేదెట్లా? అప్పులు, బీమా, బంగారం, ప్రకటనలు, రీచార్జి మీద పైన వేసే ప్లాట్‌ఫామ్ ఫీజు. మీరు ఎవరికి, ఎప్పుడు, ఎంత చెల్లిస్తారో తెలిస్తే అప్పు ఎవరికి అంటగట్టాలో తెలుస్తుంది. అందుకే అనుమతులు అంతంత అడుగుతారు. చెల్లింపుల సమాచారం దేశంలోనే దాచాలని 2018లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2022 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ అంగళ్ళు మన కార్డు నంబరును దాచుకోకుండా దాని బదులు వాడే మారు నంబరు (టోకెన్) మాత్రమే పెట్టుకోవాలి. ఇవి మంచివే. కానీ మనం స్వయంగా ఇచ్చిన అనుమతికి అడ్డు ఉండదు.

సెట్టింగ్స్‌లో యాప్ అనుమతులు తెరిచి చూడండి. స్కాన్ చేయాలంటే కెమెరా కావాలి. ఖాతా కలిపేటప్పుడు మెసేజ్, ఫోన్ అనుమతి కావాలి. లొకేషన్‌ను కొన్ని యాప్‌లు పట్టుబట్టి అడుగుతాయి, "వాడుతున్నప్పుడు మాత్రమే" అని ఇవ్వండి. కాంటాక్టులు ఇవ్వకపోయినా నంబరు కొట్టి పంపుకోవచ్చు. అప్పుల యాప్ అయితే కాంటాక్టులు, గ్యాలరీ అడిగిందంటే అక్కడే ఆపేయండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అడగకూడదు. అడిగి తీసుకునేది, కిస్తీ ఆలస్యమైతే మీ బంధువులందరికీ ఫోన్లు చేయడానికే.

ఆడపిల్లలు తప్పక చేయాల్సిన పని ఒకటుంది. చాలామందికి ఫోన్ నంబరే యూపీఐ ఐడీగా ఉంటుంది. ఆటో అతనికి కొడితే అతని ఫోన్లో మీ పేరుతో పాటు నంబరూ కనబడవచ్చు. ప్రొఫైల్‌లో యూపీఐ సెట్టింగులకు పోయి నంబరు లేని కొత్త ఐడీ పెట్టుకుని దాన్నే ముఖ్యమైనదిగా ఎంచుకోండి. రెండు నిమిషాల పని.

ఆధార్ జిరాక్సు సంగతి. నెట్ సెంటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి ఫైలు పంపించుకుని ప్రింటు తీసుకుంటాం, కంప్యూటర్లో ఫైలు అట్లే ఉండిపోతుంది. ప్రింటయ్యాక డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి తీయించండి, లాగౌట్ చేయండి. కుదిరినచోట్ల చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైట్లో ఉచితంగా దిగుతుంది. జిరాక్సు మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం పెడితే ఇంకోచోట వాడటం కష్టమవుతుంది.

వేలిముద్రతో పోయే లెక్క

స్మార్ట్ ఫోనే లేనివాళ్ళకూ ప్రమాదం ఉంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఏఈపీఎస్ (ఆధార్‌తో బ్యాంకు లెక్క తీసిచ్చే పద్ధతి) యంత్రం మీద ఒక్కోసారికి 10,000 రూపాయల దాకా తీసుకోవచ్చు. ఓటీపీ లేదు, పిన్ లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు అచ్చు పోసి ఇట్లా లాగిన ముఠాలు తెలుగు రాష్ట్రాల్లోనే పట్టుబడ్డాయి. అంతకన్నా మామూలుగా జరిగేది ఇంకోటి: "సరిగా పడలేదవ్వా, మళ్ళీ పెట్టు" అని రెండుసార్లు వేలు పెట్టించుకుని ఒకసారి లెక్కే ఇవ్వడం. పెట్టిన ప్రతిసారీ చీటీ అడగాలి, ఫెయిల్ అయినా చీటీ వస్తుంది.

ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. వేస్తే వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. ఎక్కడా అంటే ఎక్కడా, బియ్యం దగ్గర, ఒకటో తేదీ పింఛను దగ్గర కూడా. చాలామంది పెద్దవాళ్ళకు పిల్లలు లాక్ వేసి ఊరికి పోతారు, పింఛను రోజు ముద్ర పడక తిప్పలు పడతారు. ఆ రోజున యాప్‌లో తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలు తెరుచుకుని మళ్ళీ పడిపోతుంది. అది చేసిపెట్టే మనిషి ఇంట్లో లేకపోతే లాక్ వేయొద్దు. దానికి బదులు ఆధార్‌కు కలిసిన ఖాతాలో కొద్దిగా మాత్రమే ఉంచండి, లేదా ఖాతాకు ఏఈపీఎస్ ఆపమని బ్రాంచిలో రాసిచ్చి అడగండి.

అంగడివాళ్ళకు, వ్యాపారులకు

స్క్రీన్‌షాట్‌ను నమ్మి సరుకు ఇవ్వొద్దు. పచ్చ టిక్కు, పేరు, మొత్తం అన్నీ చూపించే ఉత్తుత్తి యాప్‌లున్నాయి. లెక్క పడిందని చెప్పే అంగట్లోని పెట్టె పలికితేనే, లేదా మీ వ్యాపార యాప్ చరిత్రలో కనబడితేనే వచ్చినట్టు. రోజూ అంగడి తెరవగానే మీ స్కానర్‌ను మీరే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. మీ స్టిక్కరు మీద ఎవడైనా తన స్టిక్కరు అంటించి ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఇంకా పెద్ద తలనొప్పి ఖాతా హోల్డ్ కావడం, అంటే అందులో లెక్క కదలకుండా బ్యాంకు ఆపేయడం. ఎక్కడో కొట్టేసిన లెక్క నాలుగైదు ఖాతాలు మారి ప్రొద్దుటూరు బంగారు అంగడికో, అనంతపురం చీనీకాయల మండీకో చెల్లింపుగా వస్తుంది. బాధితుడు ఫిర్యాదు చేయగానే ఆ గొలుసులోని ఖాతాలన్నిటికీ హోల్డ్ పడుతుంది. మీరు సరుకు ఇచ్చిన నిజమైన వ్యాపారే అయినా సరే. కొన్నది ఒకరు, లెక్క వేసేది ఊరూ పేరూ తెలియని ముగ్గురు నలుగురైతే తీసుకోవద్దు. కొన్న సంస్థ పేరు మీదున్న ఖాతా నుంచే వేయమనండి. బిల్లు, కాటా చీటీ, లారీ కాగితాలు, వాట్సాప్ మాటలు దాచిపెట్టండి. హోల్డ్ పడితే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ పోలీసు స్టేషన్, ఎంత మొత్తం అనేవి రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితాలన్నీ ఆ దర్యాప్తు అధికారికి పంపాలి. మొత్తం ఖాతా ఆపకుండా వివాదమున్న మొత్తానికే హోల్డ్ పరిమితం చేయమని బ్యాంకునూ పోలీసులనూ రాతలో అడగండి.

కాలేజీ పిల్లల్లో "ఖాతా అద్దెకిస్తే నెలకు ఐదు వేలు" అనే బేరం నడుస్తోంది. ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేయడమే పని. దొంగ లెక్క దిగేది ఆ ఖాతాలోనే కాబట్టి పోలీసులు మొదట తలుపు తట్టేదీ ఆ పిల్లవాడి ఇంటికే.

పోతే

ఆగిపోవడం వేరు, మోసపోవడం వేరు. మన ఖాతాలో తగ్గి అవతల పడకపోతే వెంటనే రెండోసారి కొట్టకండి. మనిషికి పంపినదైతే మరుసటి రోజుకు, అంగడికి కట్టినదైతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, అడగకపోయినా ఇవ్వాలి. అడిగితే త్వరగా వస్తుంది. యాప్ చరిత్రలో ఆ లావాదేవీ తెరిచి, దాని గుర్తుగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని, యాప్‌లోనే సహాయం నొక్కి ఫిర్యాదు వేయండి. ఆ నంబరు లేకుండా బ్రాంచికి పోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

మోసమైతే మొదట సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్. బ్రాంచికి పోవడం, స్టేషన్‌కు పోవడం ఆ తర్వాత. 1930లో చెప్పిన వివరాలు లెక్క చేరిన బ్యాంకుకు నేరుగా పోతాయి, అక్కడ ఇంకా మిగిలి ఉంటే హోల్డ్ పడుతుంది. దొంగలు గంటలోపే నాలుగు ఖాతాలు మార్చి ఏటీఎంలో తీసేస్తారు కాబట్టి ఆ గంటే అసలైన గంట. ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, ఖాతా నంబరు, యూటీఆర్, సమయం, మొత్తం, అవతలి ఐడీ దగ్గర పెట్టుకోండి. మెసేజ్‌లో వచ్చే ఫిర్యాదు నంబరుతో 24 గంటల్లో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి. సగంలో వదిలేస్తే అక్కడే ఆగుతుంది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు కూర్చోవడమే ఎక్కువ నష్టం చేస్తోంది.

బ్యాంకుకు రాతలో ఇవ్వడం ఎందుకంటే 2017 జులై 6 నాటి ఉత్తర్వు దానితోనే పనిచేస్తుంది. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ళు లాగేసి ఉంటే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోగా చెప్పినవాళ్ళకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్యనైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000, జీరో బ్యాలెన్స్ ఖాతాకు 5,000 మనం భరించాలి. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో తేల్చాలి. మనమే పిన్ కొట్టి, ఓటీపీ చెప్పి పోగొట్టుకుంటే మాత్రం చెప్పేంతవరకు జరిగిన నష్టం మనదే, చెప్పాక జరిగింది బ్యాంకుది. యూపీఐ మోసాల్లో చాలావాటిలో పిన్ మనమే కొట్టి ఉంటాం కాబట్టి ఈ ఉత్తర్వు మీద మరీ ఆశ పెట్టుకోలేం. అలాంటప్పుడు 1930 హోల్డ్‌లో చిక్కినదే వెనక్కి వచ్చే లెక్క, అది కూడా పోలీసు, కోర్టు కాగితాల మీదుగా.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్, ఉన్నారు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో వేయవచ్చు, సందేహాలకు 14448. బ్యాంకుకు ఇచ్చిన కాగితం మీద తేదీ, ముద్ర ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫిర్యాదు వేసిన కొన్నాళ్ళకు "మీ లెక్క దొరికింది, ప్రాసెసింగ్‌కు రెండు వేలు కట్టండి" అని ఫోన్ వస్తే అది అదే ముఠా రెండో రాక. కట్టకుండా, ఆ నంబరును కూడా మీ పాత ఫిర్యాదుకు చేర్చండి.